గోడ ఇవతలి రాధామనోహరం

ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక సందులో మరియ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. భర్త జాకబ్ తుర్కయాంజాల్ వైపు అపార్ట్‌మెంట్లకు రంగులు వేసే పనికి పోతాడు. పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన మొదటి సాయంత్రం మరియకు ముందు పూల వాసన తెలిసింది, పక్కింటి శోభ తరువాత తెలిసింది.

రెండిళ్ల మధ్య భుజమెత్తు గోడ. శోభ తన వైపు నాటిన రాధామనోహరం ఆ గోడెక్కి, సగానికి పైగా మరియ వాకిట్లోకే ఒరిగింది. సాయంత్రం తెల్లగా విచ్చుకున్న గుత్తులు మర్నాటికి గులాబీ రంగు, ఆపైన ఎరుపు. పొద్దుగూకే వేళ శోభ గోడకు అటు నిలబడి, ఆ పొడవాటి కాడల్ని దారం లేకుండా జడలా అల్లేది. మరియ వెళ్లే చర్చిలో ఆడవాళ్లు తలలో పూలు పెట్టుకోరు. అది తెలిసీ శోభ రోజూ అల్లి అందించేది. మరియ దాన్ని మిషను ఎదుట కిటికీ ఊచకు చుట్టేది.

శోభ వయసులో చాలా పెద్దది. పిల్లలు లేరు. మరియకు మొదటి కడుపు నిలవనప్పుడు, ఓదార్పు మాటలేవీ చెప్పకుండా పక్కన కూర్చుని తల దువ్వింది ఆమే.

తీగ పనంతా శోభదే. చలి తగ్గేటప్పుడు ఎండు కొమ్మలు, చిక్కుపడ్డ సన్న తీగలు కోసేసేది. కొత్త చిగుళ్ల మీదే పూలు వస్తాయని, చూసేవాళ్లకు జాలి పుట్టేంత పొట్టిగా కత్తిరించేది. ఆకు రాలాక మిగిలే తొడిమలు ముళ్లలా గీరుకుంటాయి. ఆ రోజుల్లో ఆమె ముంజేతుల నిండా గీతలే. మరియ ఒక్కసారి కూడా ఆ తీగకు కత్తెర పెట్టలేదు. ఆమెకు తెలిసిందల్లా పూలు చూడడం, వాసన పీల్చడం.

శోభ భర్త ఐలేష్ పొలం దగ్గర గుండె ఆగి పోయాడు. దినాలు కాగానే శోభ తమ్ముడొచ్చి ఆమెను మహేశ్వరం తీసుకుపోయాడు. ఆటో ఎక్కేటప్పుడు శోభ మరియ చెయ్యి పట్టుకుని, పోయినంక ఫోన్ చేస్తానంది. చేయలేదు. మరియ దగ్గరున్నది ఐలేష్ నంబరే. కొన్నాళ్లు స్విచ్ఛాఫ్ అని వచ్చింది, తరువాత అసలా నంబరే లేదని వచ్చింది. గోడకు అటు ఎవరైనా దగ్గితే మరియ మిషను ఆపి లేచేది. లేచాక కోపం వచ్చేది. ఇన్నేళ్ల తరువాత ఒక్క మాటకు కూడా పనికిరాకుండా పోయానా అనుకునేది.

ఇల్లు అమ్ముడుపోయింది. కొన్నది కిష్టా అనే మనిషి, బొంగులూరు వైపు ప్లాట్ల వెంచర్లలో పని చూసుకుంటాడు. మర్యాదస్తుడే. వానలు తగ్గాక ఇల్లు కూల్చి కొత్తది కడతానని, గోడతో పాటు తీగ కూడా పోతుందని ముందే వచ్చి చెప్పాడు. తీగ దట్టమైతే పాములు చేరతాయని, తనవి చిన్న పిల్లలని అన్నాడు.

తీగను దక్కించుకోవాలని మరియ కొమ్మలు తెంచి మట్టి నింపిన డబ్బాల్లో గుచ్చింది. నడి ఎండాకాలం, అన్నీ నల్లబడ్డాయి. సాగర్ రోడ్డు మీద నర్సరీ పెట్టుకున్న ఎంకయ్య దగ్గరికి పోయి అడిగింది. ఆయన డబ్బాలో కొమ్మను గీకి చూసి పక్కన పెట్టాడు.

"తెంపకు బిడ్డా. తల్లి తీగెకు ఉండంగనే ఏర్లు రానియ్యి. అటెన్క కొయ్యి."

అంటు తొక్కడం అలా నేర్చుకుంది. తన వైపు వేలాడే వేలిమందం కొమ్మను నేలకు వంచి, కణుపు కింద బెరడు గీకి, పెంట కలిపిన మట్టిలో కప్పి, లేవకుండా పైన ఇటుక పెట్టింది. కొస మాత్రం బయటికి వదిలింది. వానలొచ్చేదాకా ఆ చోటు తడి ఆరనివ్వలేదు. జేసీబీ వచ్చే పొద్దున ఇటుక తీసి మట్టి కదిపితే, సన్నటి తెల్లవేళ్లు చేతికి తగిలాయి. కత్తెర పెట్టింది గానీ వెంటనే కోయలేకపోయింది. శోభ తీగకు ఇదే ఆఖరి కోత. కోసింది. మధ్యాహ్నానికి గోడ లేదు.

కిటికీ కింద నాటిన పిల్లతీగ బతికి, మరుసటి ఏడు ఊచల దాకా ఎక్కింది. పూసిన సాయంత్రం మరియకు సంతోషం రాలేదు. వాసన అదే, మనిషి లేదు.

కృపారాణి అనే టీచరమ్మ జాకెట్ కొలతకు వచ్చినప్పుడు ఆ తీగను చూసి, మహేశ్వరంలో తమ బడిలో వంట చేసే శోభమ్మ ఎప్పుడూ ఈ పూల గురించే చెబుతుందని అంది. మరియ టేపు పక్కన పెట్టి, శోభ ఉండే ఇల్లు ఎక్కడో అడిగింది.

ఆదివారం ప్రార్థన కాగానే, అప్పటికే తొక్కి ఉంచిన మరో అంటు మొక్కను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. శోభ తమ్ముడింటి ముందు బియ్యం ఏరుతోంది. బాగా చిక్కిపోయింది. మరియను చూసి లేవబోయి మళ్లీ కూర్చుండిపోయింది. దారంతా కూడబెట్టుకున్న మాటల్లో మరియ నోటికి ఒక్కటే వచ్చింది.

"ఒక్కసారన్న ఫోన్ జెయ్యకపోతివి అక్కా."

శోభ చేటలోకి చూస్తూ అంది: "నీ నంబరు నోటికొస్తది నాకు. నీ గొంతు ఇంటే గీడ ఉండబుద్ధి గాదని చెయ్యలే. ఉండాల్సింది గీడనే గద, మరియా."

వచ్చెయ్ అక్కా అనాలనిపించింది మరియకు. ఏ ఇంటికి రమ్మనాలి? పక్కన కూర్చుని తనూ బియ్యం ఏరింది.

వాకిలంతా సిమెంటే. స్నానాల గది వెనక నీళ్లు పారే చోట జానెడు మట్టి ఉంటే ఇద్దరూ అక్కడ గుంత తవ్వారు. మట్టి నొక్కుతుంటే శోభ మరియ ముంజేతి మీది గీతలు చూసింది. బొటనవేలితో వాటిని తడిమి, చాలాసేపు అలాగే పట్టుకుంది.

ఆ మొక్కను మేక తినేసింది. మరియ ఇంకొకటి తీసుకుపోయి ఈసారి చుట్టూ ముళ్లకంప పెట్టి వచ్చింది. అది పాకింది. ఇప్పుడు శోభ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. తక్కువ మాట్లాడుతుంది, మధ్యలో ఆగిపోతుంది. ఆగినంతసేపూ ఇద్దరూ ఫోను చెవి దగ్గరే ఉంచుకుంటారు. మొన్న, తీగ పాకుతోంది గానీ మొగ్గ కనబడడం లేదంది. ఏ కొమ్మలు కోయాలో తనకంటే బాగా ఆమెకే తెలుసని మరియకు తెలుసు. అయినా ఆదివారం వచ్చి చూస్తానంది.

శోభ వద్దనలేదు.