ఆయన పథ్యం నేను చేశాను

ఆ రోజు నూనె లేని బాణలిలో ఆవాలు వేశాను. చిట్లాయి, నల్లబడ్డాయి, మాడాయి. చూస్తూనే ఉన్నాను. కిటికీలోంచి కొండలు మెల్లగా దగ్గరికొచ్చి, మళ్లీ వెనక్కి పోతున్నట్టు కనిపించాయి. మా ఆయన పరుగున వచ్చి బాణలి దించేదాకా ఇల్లంతా పొగ నిండిందని నాకు తెలియలేదు. అప్పుడు నాకు నలభై ఆరేళ్లు.

మాది వడమాలపేట. ఆయన బడిపంతులు. అంతకు ఏడాది ముందు ఆయనకు హార్ట్ ఎటాక్ వచ్చింది. తిరుపతి డాక్టరుగారు "ఫ్యాట్ బాగా తగ్గించాలి. ఇంట్లో వంటెవరు?" అన్నారు. చుట్టాలంతా నా వైపు తిరిగారు. నా చేతి వంటే ఆయన్ని మంచమెక్కించిందని అప్పుడే నమ్మేశాను. నెయ్యి, శనగనూనె, కొబ్బరి, వేరుశనగ పప్పు ఇంట్లోకి రానివ్వలేదు. ఆయనకు లేనిది నాకెందుకని నేనూ మానేశాను. ఆ చప్పిడి కూడు కూడా సగమే తినేదాన్ని.

నెమ్మదిగా నిద్ర కరువైంది. నెలసరి తప్పింది. కోడి కూతలు, బస్సు హారన్లు నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు వినిపించేవి. ఏడుపు రాదు, ఆకలి రాదు. రవికలు వదులైపోయాయి. ఊళ్లో డాక్టరు బ్లడ్ టెస్ట్ చేయించి, "అంతా నార్మల్. వయసు మార్పులమ్మా" అని టానిక్ రాసిచ్చాడు.

ఒక మధ్యాహ్నం బావిలోకి చూస్తూ, ఆ నీళ్లలో ఎంత హాయిగా ఉంటుందో అనుకున్నాను. భయం వేయలేదు. వేయకపోవడమే వింతగా తోచి ఆయనకు చెప్పాను. ఆయన వెంటనే చొక్కా తొడుక్కుని, నన్ను తిరుపతి బస్సెక్కించాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఓపిగ్గా విని, "ఇది డిప్రెషన్" అంది. ఏం తింటున్నానో అడిగింది. చెప్పాను.

"నూనె మానమని మీకెవరు చెప్పినారమ్మా?"

"ఆయనకు చెప్పినారు."

"మరి మీరెందుకు మానినారు? మెదడుకూ కొంచెం కొవ్వు కావాల. ఈ జబ్బు దానివల్లే వచ్చిందని నేను చెప్పలేను. కానీ పస్తులుంటే మందేం చేస్తాది?"

నా వంట వల్లే ఆయనకలా అయిందని అప్పుడు బయటపెట్టాను. ఆయన తల దించుకున్నాడు.

"నీ వంట కాదే. దినానికి రెండు కట్టల బీడీలు కాల్చింది నేను గదా. ఇంకోటి గూడా ఉండాది. నీ చప్పిడి తినలేక బస్టాండు కాడ రోజూ వడలు తింటా ఉండాను."

నేను ఎముకల గూడైతే ఆయన వడలు తిన్నాడు! ఒళ్లు మండిపోయింది. డాక్టరమ్మ ముందే అరిచాను, అరుస్తూ ఏడ్చాను. ఏడాది తర్వాత నాకు వచ్చిన మొదటి కన్నీళ్లవి. "అరవనీ" అంది డాక్టరమ్మ ఆయనతో.

ఆమె రాసిచ్చిన మాత్రలకు నోరు ఎండిపోయేది. నెల దాటాక కాస్త తేలికపడి, నయమైందని నేనే ఆపేశాను. మళ్లీ ఆ మసకలోకే జారిపోయాను. "మీరు ఆపేది కాదు, నేను ఆపాల" అని డాక్టరమ్మ గట్టిగా కోప్పడింది. మరో ఏడాదికి ఆమే కొంచెం కొంచెంగా తగ్గించి మాన్పించింది.

ఇప్పుడు మా ఇంట్లో రెండు గిన్నెలు. ఆయనది ఆయన డాక్టరు చెప్పినట్టు, నాది నాకు చెప్పినట్టు. వడలు, బీడీలు రెండూ ఆయన మానాడు. కొన్ని ఉదయాలు ఇంకా మసకగానే లేస్తాను, కానీ ఎండ ఎక్కేసరికి ఆకలేస్తుంది.

మీ ఇంట్లో ఎవరికైనా పథ్యం రాసిస్తుంటే, "మరి నేనేం తినాలి?" అని అక్కడే అడగండి. ఆ ఒక్క మాట నోట రాక నేను బావిదాకా వెళ్లాను.