సోమవారమే రాసేసిన వారం

ఎనిమిదేళ్లుగా ఒక బుక్కులోని పేజీ నన్ను వదలడం లేదు. ఆ బుక్కు ఇంకా ఉందో, పాత కాగితాలవాడికి పోయిందో తెలియదు. నాకు మాత్రం రోజూ పొద్దున్నే గుర్తొస్తుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మోసి మోసి అలసిపోయాను. మీకు చెప్పేస్తాను.

కార్ఖానా ఏరియాలో హ్యాండ్‌వాష్ తయారుచేసే ఒక చిన్న కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. అక్కడ యాసిడ్ ఎంతుందో చూపే పిహెచ్ మీటరు వాడే ముందు రోజూ దాన్ని సరిచూడాలి. నాలుగు, ఏడు, పది అని విలువ ముందే తెలిసిన బఫర్ ద్రావణాలు మూడుంటాయి. ఒక్కోదాంట్లో ఎలక్ట్రోడ్ ముంచి, అంకె నిలబడేదాకా ఆగి, తేడా ఉంటే సరిచేసి, బుక్కులో రాసి సంతకం పెట్టాలి. అరగంట పని. విజయనగరం నుంచి వచ్చిన కొత్తలో శ్రద్ధగానే చేశాను. కానీ ఏ రోజు చూసినా అవే అంకెలు. ఇక చూడ్డమెందుకు? అలా మొదలైంది. సోమవారం పొద్దున్నే శనివారం దాకా రాసేసేదాన్ని. ఒకే సిరా అయితే దొరికిపోతానని పెన్నులు మార్చేదాన్ని. ఒక రోజు 7.00, ఇంకో రోజు 7.01. ఆ తెలివంతా పెట్టే బదులు మీటరే చూసుంటే సరిపోయేది కదా? ఇప్పుడు తడుతోంది నా బుర్రకి.

హ్యాండ్‌వాష్ కలిపేది యాదగిరన్న. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. సిట్రిక్ యాసిడ్ కొంచెం కొంచెం పోస్తూ, శాంపిల్ తెచ్చి నాకు చూపించేవాడు. యాసిడ్ పడేకొద్దీ తగ్గే అంకె ఐదున్నరకి దిగగానే నేను చాలనేదాన్ని, ఆయన ఆపేవాడు. ఒక మంగళవారం కలిపిన సరుకంతా కొన్నవాళ్లు వెనక్కి పంపేశారు. యాసిడ్ ఎక్కువైందట, చేతులు మండుతున్నాయట. ఓనర్ నా బుక్కు తిరగేశాడు. మీటరు బాగుంది, శాంపిల్ బాగుంది. అంటే శాంపిల్ చూపించాక యాదగిరే ఇంకా పోసుంటాడని తేల్చాడు.

యాదగిరన్న ల్యాబ్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“మీరు చాలన్నంకనే ఆపిన మేడం. ఆ దినం పొద్దుగాల మీటర్ చూసిండ్రు కద?”

“చూశానన్నా. బుక్కులో ఉంది.”

కాసేపు తన చేతులవైపు చూసుకున్నాడు. “గట్లయితే నేనే పరాకుగ ఇంకో జెర పోసిన్నో ఏమో.”

ఆయన వెళ్లాక ఎలక్ట్రోడ్‌ని ఏడు బఫర్‌లో ముంచాను. 7.8 చూపించింది. ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తోందంటే, ఐదున్నరకి దించడానికి యాసిడ్ ఎక్కువ పోయించింది నేనే. ఓనర్ గది పదడుగుల దూరం. వెళ్లొచ్చు కదా? వెళ్లలేదు. బటన్ నొక్కి ఏడుకి సరిచేసేశాను. సాయంత్రానికి ఆయన్ని పనిలోంచి తీసేశారు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, నిజమే. కానీ అంతకన్నా, పద్ధతిగా పనిచేసే అమ్మాయినని నాకున్న పేరు పోతుందని భయపడ్డాను. ఆ పేరు మీదే తర్వాత ప్రమోషన్ కూడా తీసుకున్నాను, సిగ్గులేకుండా.

మొన్న బోయిగూడలో ఒక కిరాణా కొట్లో కనబడ్డాడు. అక్కడే పనట. జుట్టంతా నెరిసింది. నాకు అరకిలో కందిపప్పు తూచి, పక్కన పెట్టి, మళ్లీ తూచాడు.

“నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు మేడం,” అని నవ్వాడు.

పప్పు తీసుకుని వచ్చేశాను. ఆయన తన చేతిని కాదని నా సంతకాన్ని నమ్మాడు.

ఆ బుక్కులో రాయాల్సింది ఇక్కడ రాస్తున్నాను. మంగళవారం. మీటరు చూడలేదు. యాదగిరి చెయ్యి తప్పు చేయలేదు.

ఇది ఆయనకి చేరదు. వెళ్లి చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. గుండె బరువు మాత్రం ఇసుమంత తగ్గింది. ఇదంతా ఒకే పెన్నుతో రాశాను.