బావ మొలకు కట్టిన మోటారు

కళ్ళజోడు పెట్టుకున్న మాస్టారిని చూసి ఎవరూ నవ్వరు. పళ్ళ సెట్టుతో పెళ్ళిభోజనం చేసేవాణ్ణి ఎవరూ బంతిలోంచి లేపరు. మా బావకు మాత్రం ఆపాటి మర్యాద దక్కలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సహించదు.

బావ అంటే మా మేనత్త కొడుకు. అనకాపల్లి నుంచి రావికమతం వైపు వెళ్ళే దారిలో ఒక బెల్లం క్రషర్‌లో పాకం పట్టేవాడు. చెరుకురసం పెనంలో కాగి చిక్కబడ్డాక ఎప్పుడు దింపాలో చెప్పేది అతనే. కాస్త పాకాన్ని చన్నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ చేసి చూస్తాడు. ముందు దింపితే దిమ్మ కట్టదు, ఆలస్యమైతే మాడి నల్లబడుతుంది. ఆ వేళ్ళు కాస్తా షుగరు జబ్బుతో మొద్దుబారిపోయాయి.

"బెల్లం వండేవోడికి సుగరు. దేవుడికి నామీద ఎంత ఎటకారమో సూడు," అంటూ ఒక పొద్దున మా అరుగు మీద కూలబడ్డాడు. "ఉండ మెత్తగున్నాదో గట్టిగున్నాదో తెలీట్లేదు బావా. నిన్నొక పెనం మాడిపోనాది. ఇంకోటి మాడితే ఇంటికి ఎల్లిపొమ్మంటారు."

నేను ఏ కాలేజీ గడపా తొక్కలేదు. పాడైన రేడియోలు విప్పి, షాకులు తిని నేర్చుకున్నవాణ్ణి. నా బల్ల మీదున్నదంతా ఇంట్లోవాళ్ళకు చెత్త. ఇంజనీర్ల పని నీకెందుకయ్యా అన్న పెద్దమనుషులకు జవాబు చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. పాకం వేడిని కొలిస్తే వేళ్ళతో పనేముందని నాకు వెంటనే తట్టింది.

వేడిని పసిగట్టే సెన్సార్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించి, స్టీలు గొట్టంలో పెట్టి, పాకం కలిపే తెడ్డు చివర బిగించాను. వేడి సరిగ్గా అందుకోగానే బజర్ మోగుతుంది. బావ విని తల అడ్డంగా తిప్పాడు.

"మోగితే అందరికీ ఇనపడదేటి? ఈడి ఏళ్ళు సచ్చిపోనాయి, గంట కట్టుకుని వచ్చేడని నవ్వుతారు. నాకొక్కడికే తెలిసేలాగ సెయ్యి."

బజర్ పీకేశాను. పిల్లలు విరగ్గొట్టి పడేసిన బొమ్మకారు ఒకటి ఉంటే, దాని రిమోట్‌లోని బోర్డు తీసి, సెన్సార్‌కి కలిపి, తెడ్డు వెదురుకర్ర లోపల దాచాను. కారులోని బోర్డుకి చక్రాల మోటారు బదులు, చచ్చిన సెల్‌ఫోన్‌లోని వైబ్రేటర్ మోటారు అతికించాను. దాన్ని గుడ్డసంచిలో కుట్టి బావ మొలతాడుకు కట్టాను. మా ఇంట్లోనే గిన్నెలో పాకం పెట్టాం. నేను ఉండ చేసి ఎలా ఉందో చెబుతుంటే, బావ సరే అన్న వేడికే మోటారు కదిలేలా బోర్డు మీది మీట సరిచేశాను. మళ్ళీ ఆ వేడి రాగానే బావ ఎగిరి గంతేశాడు.

"కితకితలెడతంది బావా," అని నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ చెరుకు కాలమంతా బాగానే గడిచింది. బావ ఎప్పటిలాగే నీళ్ళలో పాకం వేసి, ఉండ చేసి, కనుబొమలు ముడిచి చూసేవాడట. మోటారు కదిలాక "దింపండి" అనేవాడట. ఒక్క పెనం మాడలేదు. ఎవరికీ అనుమానం రాలేదు.

చివరికి స్నానం కొంప ముంచింది. తెడ్డు కాసేపు పొయ్యిలో పిప్పి ఎగదోసేవాడి చేతికిచ్చి, సంచి గట్టు మీద పెట్టి, బావ పంపు దగ్గరికి వెళ్ళాడు. క్రషర్ యజమాని అటు వచ్చాడు.

"ఇదేటి మామా, నీ సంచికి సలిజరమొచ్చింది?"

మొహం మీద అడిగితే బావకు అబద్ధం రాదు. అంతా చెప్పేశాడు. యజమాని తిట్టలేదు సరికదా, ఇంత మంచిది దాసుకున్నావేటి అని భుజం తట్టి టీ ఇప్పించాడు. మర్నాడు ఆ మోటారు స్థానంలో పెద్ద హారన్ పెట్టించి, తెడ్డు ఆ పిప్పి ఎగదోసేవాడికే అప్పగించాడు. "నువ్వు రెస్టు తీసుకో మామా," అన్నాడు.

నేను బస్సెక్కి వెళ్ళాను. నా నెరిసిన తల చూడగానే యజమాని కుర్చీ వేయించాడు. "తాతా, రెండో పెనానికి ఇంకోటి సేత్తావా?"

"అది మిషను కాదు బాబూ, మా బావ సేతి ఏళ్ళు. ఆడు లేకుండా దాంతో నీకేటి పని?"

"కోప్పడకు తాతా. హారన్ మోగితే దింపడానికి మామెందుకు, నువ్వే సెప్పు."

కుర్చీలోంచి లేచి వచ్చేశాను. కళ్ళజోడును ఉంచుకుని మాస్టారిని పంపేసినట్టుంది అనాలని తిరుగుబస్సులో తోచింది. అన్నా అతను నవ్వి ఊరుకునేవాడే. నేను చేసినవాటిలో సరిగ్గా పనిచేసింది అదొక్కటి. అది కొంచెం తప్పుగా పనిచేసినా బావ అక్కడే ఉండేవాడు.

బావ మా అరుగు మీదే ఎదురుచూస్తున్నాడు.

"తగువాడేవా?"

"ఆడేను."

"పాకం సరిగ్గా వత్తందా?"

అబద్ధమాడదామనుకున్నాను. "వత్తంది," అన్నాను.

బావ మొద్దుబారిన వేళ్ళను పంచె అంచుకు రుద్దుకుంటూ కూర్చున్నాడు. "అయితే నీ పని మంచి పనే బావా," అన్నాడు చివరికి. ఈ ఊళ్ళో నా పనిని మెచ్చుకున్న మనిషి అతనొక్కడే.

రెండో పెనానికి నేను చెయ్యనని కబురు పంపాను. వాళ్ళు ఇంకెక్కడో చేయించుకున్నారు. తెలిసి బావ నన్నే తిట్టాడు, చేతికొచ్చిన పని వదులుకున్నానని.