తెలుగులో చెప్పిన మాట

ఏళ్ళుగా ఒక మాటను లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. తింటున్నాను, నవ్వుతున్నాను, వేదికలెక్కి మైకు పట్టుకుని గంటల తరబడి మాట్లాడుతున్నాను. ఆ ఒక్కటి తప్ప అన్నీ మాట్లాడుతున్నాను. నా పేరు చెప్పను. చెబితే మీలో కొందరు గుర్తుపడతారు, గుర్తుపట్టగానే నన్ను వెనకేసుకొస్తారు. అది నాకు వద్దు.

నేను కబడ్డీ ఆడేదాన్ని. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చి, వడోద్‌లో గది తీసుకుని, మిల్లులో పనిచేశాడు. నేను ఇక్కడే పుట్టాను. బట్టల వ్యాపారులు కొందరు కలిసి ఆడపిల్లల కబడ్డీకి ఒక లీగ్ పెట్టినప్పుడు, సూరత్ జట్టుకు నన్ను కెప్టెన్‌ని చేశారు.

నాకంటే బాగా ఆడేవాళ్ళు జట్టులో ఉన్నారు. నాకు వచ్చిన విద్య వేరు. ఎవరిని ఏ మాట లేపుతుందో నాకు తెలుసు. ఒకమ్మాయిని తిడితే ఆడుతుంది. ఇంకొకమ్మాయిని తిడితే ముడుచుకుపోతుంది, ఆమె పక్కన ఊరికే నిలబడాలి. కోచ్ సార్ గుజరాతీ మనిషి, మంచివాడే. ఎవరైనా డీలా పడితే నా వైపు చూసి "తూ సంభాళ్ లే" అనేవాడు. నేను సంభాళించేదాన్ని. దాన్ని అందరూ నాయకత్వం అన్నారు. నేనూ అదే అనుకున్నాను. మనిషిలో మెత్తటి చోటు ఎక్కడుందో తెలుసుకోవడానికీ, అక్కడ వేలు పెట్టి నొక్కడానికీ మధ్య గీత ఎక్కడుంటుంది? అప్పుడు నన్ను నేను అడగలేదు. గెలుస్తున్నాం కదా.

స్వప్న సూరత్‌లోనే నవాగామ్ నుంచి వచ్చింది. సన్నటి పిల్ల. కూతకు వెళితే అవతలివాళ్ళు వెనక్కి జరిగేవాళ్ళు. జట్టులో తెలుగు వాళ్ళం మేమిద్దరమే. మిగతా అందరితో హిందీ, మాలో మేం మాత్రం ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడుకునేవాళ్ళం. నన్ను అక్కా అనేది. తన భోజనంలో పెరుగు తీసి నా పళ్ళెంలో పెట్టేది.

ఆమె మెత్తటి చోటు నాకు తొందరగానే తెలిసింది. సీజన్ మొదట్లో పిక్క పట్టేసి ఒక మ్యాచ్‌లో కూర్చుంది. ఎవరో వెనకనుంచి "నాటక్ కర్తీ హై" అన్నారు. ఆ రోజంతా అన్నం ముట్టలేదు. ఎందుకో నాకు అర్థమైంది. మా ఇళ్ళలో జ్వరంతో కూడా మగ్గం మీదికి వెళ్ళినవాడే మనిషి. వాళ్ళ బాపు సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానాలో ఒక్క పూట నాగా పెట్టలేదని గొప్పగా చెప్పుకుంటాడు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లకు కాలు విరిగినా పరవాలేదు, దొంగవేషాలు వేస్తోందన్న మాట మాత్రం పడదు. నేనూ అలాంటి ఇంట్లోనే పుట్టాను. అందుకే నాకు తెలుసు.

సెమీఫైనల్లో అవతలి అమ్మాయి మోకాలు స్వప్న తలకు, చెవి పైన తగిలింది. లేచింది, ఆడింది, గెలిచాం. ఫైనల్ రోజు మధ్యాహ్నం అందరం డ్రెస్సింగ్ రూములో బూట్లు కట్టుకుంటున్నాం. ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది.

"అక్కా, జర ఇను. లైట్లు రెండు రెండు కనవడుతున్నయ్."

నేను బూటు కట్టుకుంటూనే ఉన్నాను.

"పొద్దుగాల వాంతి గూడ అయింది. తలకాయ దిమ్మని అంటుంది. ఎవ్వరికి చెప్పలే. నీకే చెప్తున్న."

తలకు దెబ్బ తగిలాక ఇలాంటివి కనిపిస్తే ఆడించకూడదని మాకు చెప్పారు. నాకు తెలియక కాదు. ఆ క్షణంలో నా తలలో ఏం మెదిలిందో నిజాయితీగా చెబుతాను. ఆమె గురించి కాదు. ఆమె లేకపోతే కూతకు ఎవరిని పంపాలి అని. ఎవరూ లేరు.

"ఫైనల్ రోజే అయిందా నీకు?" అన్నాను.

"గట్లెందుకంటవ్ అక్కా? నిజంగనే..."

"నేను నమ్ముత. వాళ్ళు నమ్ముతరా? మొన్న నాటక్ అన్నరు, నేనే వాళ్ళ నోరు మూయించిన. ఇయాల మళ్ళ కూసుంటే నేనేం చెప్పాలె?"

ఆమె గోళ్ళు చూసుకుంటోంది.

"కూసుంటె కూసో. నేనేం బలవంతం చేస్త లేను. నీ ఇష్టం."

ఈ చివరి మాట గురించి ఎన్నో ఏళ్ళు ఆలోచించాను. నీ ఇష్టం అన్నాను కదా అని నన్ను నేను సముదాయించుకున్నాను. కానీ ఆమెకు ఇష్టం అనేది మిగలకుండా చేశాకే ఆ మాట అన్నాను. అది నా పనితనం. ఎదుటి మనిషి తనంతట తనే లేచాననుకోవాలి.

ఆమె లేచింది. మా మాటలు వింటున్న ఒకమ్మాయికి తెలుగు అర్థంకాక "క్యా హువా?" అంది. "కుఛ్ నహీ, ఫైనల్ హై నా, డర్ గయీ" అన్నాను, భయపడిందంతే అన్నట్టు. ఫిజియో వచ్చి తల ఎలా ఉందని స్వప్నను అడిగాడు. ఆమె నా వైపు చూసింది. ఆమె నోరు తెరవకముందే నేను జవాబు చెప్పాను. నిద్ర సరిగా పట్టలేదు సార్, అంతే అన్నాను. అతను వెళ్ళిపోయాడు. అంత మంది మధ్య, అంత వెలుతురులో, అందరికీ వినబడేలా మాట్లాడుకున్న మాట మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది.

రెండో సగంలో ఆమె కూతకు వెళ్ళి చీలమండ దొరికిపోయి వెల్లకిలా పడింది. పెద్ద దెబ్బేం కాదు. రోజూ పడే పడటమే. లేచి, మా వైపు రావలసింది, అవతలి కోర్టులోకే ఇంకా లోపలికి నడిచింది. జనం నవ్వారు. నాలుగడుగులు వేసి కూలిపోయింది.

ఆ కప్పు మేమే గెలిచాం. ఆమెను అంబులెన్సులో తీసుకెళ్ళాక ఆట మళ్ళీ మొదలైంది. నేను ఆడాను. బాగా ఆడాను.

మెదడులో రక్తం గడ్డకట్టింది. ఆపరేషన్ చేశారు. బతికింది. ఎడమ కాలు ఈడుస్తుంది. చప్పుడు భరించలేదు, ఎండ భరించలేదు. నోటిదాకా వచ్చిన మాట జారిపోతుంది. మొదటి దెబ్బకే కూర్చోబెట్టి ఉంటే ఇంత జరిగేది కాదని డాక్టరు అన్నాడు. లీగ్ పైవాళ్ళు వచ్చి విచారించారు. ఫిజియో తను అడిగానన్నాడు. కోచ్ సార్ తనకు తెలియదన్నాడు. నన్ను అడిగారు. నాకూ తెలియదన్నాను. ఆటగత్తె తన బాధను దాచిపెట్టిందని తేల్చారు.

ఆసుపత్రిలో వాళ్ళ బాపు మంచం పక్కన నిలబడి ఏడుస్తూ తిట్టాడు. "నోరు లేదానే నీకు? ఒక్క మాట చెప్తే ఏం పోయేది?" స్వప్నకు ఆ రెండు మూడు రోజులు అసలు గుర్తు లేవు. తుడిచిపెట్టుకుపోయాయి. ఆమె మెల్లగా నా వైపు తల తిప్పింది.

"అక్కా, నీకన్న చెప్పలేదా నేను?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు.

"లేదే. చెప్తే నిన్ను ఆడనిస్తనా?" అన్నాను.

మొదటి తప్పుకు మ్యాచ్ ఒత్తిడి అనో, గెలుపు పిచ్చి అనో ఒక పేరు పెట్టుకోవచ్చు. దీనికేం పేరు పెట్టను? అప్పుడు నా వెనక జట్టు యజమాని సేఠ్ లేడు, కోచ్ లేడు, జనం లేరు. ఆమె చేతిలో ఉన్న ఆఖరి వస్తువు, తను నోరు విప్పి చెప్పానన్న నిజం, దాన్ని కూడా లాక్కున్నాను.

ఆట మానేశాక కంపెనీలవాళ్ళు, కాలేజీలవాళ్ళు నన్ను పిలవడం మొదలుపెట్టారు. జట్టును ఎలా నడపాలి, ఒత్తిడిలో మనిషిని ఎలా నిలబెట్టాలి అని మాట్లాడతాను. స్వప్న పేరు చెప్పకుండా స్వప్న కథ చెబుతాను. జట్టు కోసం నొప్పిని పంటి బిగువున దాచుకున్న పిల్ల కథ. అక్కడ జనం తప్పకుండా చప్పట్లు కొడతారు. నేను ఒక్క క్షణం ఆగి తల దించుకుంటాను. ఆగడం కూడా నేర్చుకున్నదే.

ఈమధ్య ఆల్థాన్‌లో ఒక హాలులో మాట్లాడాను. అయిపోయాక ఒకమ్మాయి వచ్చింది. బడిపిల్లలకు కబడ్డీ నేర్పుతుందట. "మా జట్టులో ఒక పిల్ల తలనొప్పి అని రోజూ సాకులు చెబుతోంది దీదీ. మీ మాటలు విన్నాక దానికేం చెప్పాలో తెలిసింది" అంది. ముఖం వెలిగిపోతోంది.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ పిల్లను ఆడించొద్దు, డాక్టరుకు చూపించు అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. మీ కథలో పిల్ల ఆడింది కదా దీదీ అంది. అప్పుడు నా నోటినుంచి వచ్చేసింది. ఆ పిల్ల దాచలేదు, నాకు చెప్పింది, నేనే ఆడించాను అని. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం నవాగామ్ వెళ్ళాను. పక్క గల్లీలోని సాంచాల చప్పుడు రాకుండా కిటికీకి బొంత కట్టిన గదిలో స్వప్న చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కూర్చుని చెప్పాను. మొదటినుంచి చివరిదాకా, ఏదీ వదలకుండా. ఆమె చేతులు ఆగిపోయాయి.

"అయితే నేను చెప్పిన్నా?"

"చెప్పినవ్."

"ఏమని చెప్పిన?"

ఆమె మాటలు ఆమెకు అప్పజెప్పాను. లైట్లు రెండు రెండు కనవడుతున్నయని. ఎవ్వరికి చెప్పలే, నీకే చెప్తున్ననని. ఆమె పెదవులు కదిలాయి. ఆ మాటల్ని తన నోటితో మెల్లగా అనుకుని చూసుకుంటోంది. తర్వాత గోడ పట్టుకుని లేచి, వాకిట్లోకి కేకేసింది.

"బాపూ, ఇటు రా. నేను చెప్పిన్నట."

వాళ్ళ బాపు వచ్చాడు. ఆయనకూ మొత్తం చెప్పాను. ఇన్నేళ్ళూ నేను పోయినప్పుడల్లా చాయ్ పోసిన మనిషి. నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. ఆయన నా వైపే చూడలేదు. కూతురి ముందు కూలబడి, "ఎన్ని మాటలన్న బిడ్డా నిన్ను" అని రెండు చేతులతో తన ముఖం కప్పుకున్నాడు. ఆమె ఆయన తల మీద చెయ్యి పెట్టింది. నన్ను వెళ్ళమని ఎవరూ అనలేదు. ఉండమనీ అనలేదు. కొంతసేపటికి చెప్పులు వేసుకుని వచ్చేశాను.

క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె నెత్తిన ఇంకో పని పెట్టినట్టే. విచారించినవాళ్ళకు ఫోన్ చేసి చెప్పాను. పాతబడిపోయిన సంగతి, ఇప్పుడెందుకు బెహన్ అన్నారు. అందుకే మీకు చెబుతున్నాను. మీరేమీ అనక్కర్లేదు. చెప్పినందుకు గుండె కొంచెం తేలికపడింది. ఆమె కాలు ఈడుస్తూనే ఉంది. నాకు మాత్రం ఎందుకు తేలికపడాలి? తెలియదు. కానీ పడింది. అది కూడా దాచకుండా చెబుతున్నాను.