పచ్చబడిన ఫిరోజా

మొన్న మా మనవరాలు ఫోనులో చూసి తెప్పించుకున్న ఫిరోజా ఉంగరంతో పాటు ఒక కాగితం వచ్చింది. రాయికి నూనె తగలనీయరాదు, సబ్బు తగలనీయరాదు, అత్తరు సోకనీయరాదు, సోకితే రంగు మారి పచ్చబడుతుంది అని ఆ పిల్ల చదువుతుంటే నాకు నవ్వాగక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నాలుగు ముక్కలు తెలియకనే కదా, డెబ్బయ్యో దశకంలో నా పెండ్లి తప్పిపోబోయింది.

ఆదోనిలో మాది దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. మా తాత కుడిచేతికి, అజ్మీరు పోయివచ్చిన చుట్టం ఒకాయన ఇచ్చిన ఫిరోజా ఉండేది. ఆకాశం రంగులో ఉన్నన్నాళ్ళూ ఇంటికి క్షేమమనీ, కీడు రాబోతుంటే తానే పచ్చబడి చెబుతుందనీ ఆయన నమ్మకం. పొద్దున్నే మా ముఖాలకన్నా ముందు దాన్నే చూసుకునేవాడు. మాకు జ్వరమొస్తే డాక్టరుకంటే ముందు దాన్నే అడిగేవాడు. ఆ కాలం పెద్దవాళ్ళు మీకు తెలియనివాళ్ళా?

అట్లాంటి ఇంటికి ఎమ్మిగనూరు నుంచి, మగ్గాలున్న వాళ్ళ సంబంధం వచ్చింది. అబ్బాయిని తలుపుచాటు నుంచి చూసి, ఎవరికీ చెప్పలేదు గానీ, నా మటుకు నేను ఖాయం చేసేసుకున్నాను. వాళ్ళలో పెత్తనమంతా అబ్బాయి జేజిది, అదే నాయనమ్మది. వచ్చినవాళ్ళకు ఉగ్గాని, వేడివేడి మిరపకాయ బజ్జీలు పెట్టి, తాత కూడా వాళ్ళతో కూర్చుని ఉంగరం చేత్తోనే తిన్నాడు. మర్నాడు చూసుకుంటే రాయి అంచున పచ్చదనం.

ఇది కీడేనని తాత తేల్చేసుకున్నాడు. సంబంధం వద్దనాలి, కానీ మనుషులను వట్టినోటితో వద్దనడం ఆయనకు చేతకాదు. పిలిచి, తినిపించి, మెల్లగా చెబుదామని మళ్ళీ కబురు పెట్టేవాడు. వాళ్ళు బస్సెక్కి వచ్చేవాళ్ళు, మళ్ళీ బజ్జీలు వేగేవి, తాతకు నోరు పెగిలేది కాదు, వాళ్ళు వెళ్ళాక రాయి ఇంకాస్త పచ్చబడేది. పాత రంగు తిరిగొస్తుందని దూదిపింజను శనగనూనెలో ముంచి దాన్ని రుద్దేవాడు కూడా. అది కాస్తా చింతాకు రంగుకు వచ్చింది. నేను పరుపుల చాటున ఏడ్చుకుంటూ, ఆ రాయిని ఎత్తుకుపోయి బావిలో పడేద్దామా అని చూసేదాన్ని.

చివరికొకసారి తాత ధైర్యం చేసి, బజ్జీ తింటున్న వాళ్ళ జేజి ముందు చెయ్యి చాపాడు. "ఏం జేయాలక్కా, రాయి ఒప్పుకోలేదు. సూడు."

ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని ఆయన చేతి పక్కన పెట్టింది. ఆమె వేలికీ ఫిరోజాయే. అదీ చింతాకు పచ్చే.

"మీ ఇంటికి రాబట్టినప్పటి నుంచి నాదీ ఇట్లే అయిందప్పా. వద్దని సెప్పిపోదామనే వస్తాండా. నువ్వు ఇంత ప్రేమగా పెడతాంటే యాడ సెప్పేది?"

తాత రెండు రాళ్ళనూ మార్చి మార్చి చూశాడు. "అయితే కీడు రెండిండ్లకూ ఉండాది."

"ఉంటే కలిసే పడదాంలేప్పా. ఇంకో బజ్జీ ఎయ్యమను."

నా పెండ్లి ఖాయమైంది అట్లా. ఆ కీడుతో నేను హాయిగా కాపురం చేశాను.

ఇప్పుడు సంబంధం నచ్చకపోతే ఫోనులో ఒక ముక్క పెట్టి ఊరుకుంటున్నారు, తప్పు పట్టడానికీ లేదు, ఎవరి తీరిక వాళ్ళది. కానీ వద్దని చెప్పడానికి ఆయన అన్నిసార్లు పిలిచాడు, వద్దని చెప్పడానికే ఆమె అన్నిసార్లు వచ్చింది. అట్లాంటి చేతకాని మనుషుల మీద నాకు ఇప్పటికీ బెంగగా ఉంటుంది.