ప్రార్థనలో కళ్ళు తిరిగిన ఆదివారం

ఊరుకాని ఊళ్ళో ఒక్కతే ఉండి ఉద్యోగం చేసే ఆడపిల్లకి ధైర్యం ఎక్కువని అంటారు. ఆ రోజుల్లో నేనూ అదే అనుకుని మురిసిపోయేదాన్ని. నిజానికి నాకున్నది ధైర్యం కాదు, మాట్లాడే మనిషి లేకపోవడం. విజయవాడ పటమటలో హాస్టలు, గన్నవరం దగ్గర ఆఫీసు, మధ్యలో సిటీ బస్సు. రోజు మొత్తం మీద నాతో ఎక్కువగా మాట్లాడేది కండక్టరే ("చిల్లరుందామ్మా?"). ఎవరైనా పలకరిస్తారన్న ఆశతో ఆదివారం చర్చికి వెళ్ళేదాన్ని. అందరూ ఎంతో ప్రేమగా "వందనాలమ్మా" అనేసి, ఎవరిళ్ళకి వాళ్ళు భోజనాలకి వెళ్ళిపోయేవారు.

అలాంటి సమయంలో హాస్టలు మెట్ల మీద జారి పక్కటెముక చిట్లగొట్టుకున్నాను. డాక్టరుగారు గట్టి నొప్పి మాత్రలు రాసి, "మత్తుగా ఉంటుంది, కళ్ళు తిరుగుతాయి, మెల్లగా లేవండి" అన్నారు. (ఇంకా ఏవో చెప్పారు గానీ, ఆ నొప్పిలో ఎవరు విన్నారు?) మాత్ర వేసుకుంటే నొప్పి పోయేది, దాంతోపాటు కాళ్ళ కింద నేలా పోయేది. పైగా ముక్కు ఒకటే దురద. అమ్మకి చెబితే సామాను సర్దుకుని వచ్చెయ్యమంటుందని ఫోన్లో "బాగానే ఉన్నా" అనేదాన్ని. ఇక నా అవస్థ చెప్పుకోవడానికి గదిలో మిగిలింది ఫ్యాను, అదీ నాలాగే తిరుగుతుండేది.

ఆ ఆదివారం టిఫిను మానేసి, మాత్ర వేసుకుని చర్చిలో కూర్చున్నాను. మత్తులో జోగుతుండగా, "పాపాలు ఒప్పుకునేవాళ్ళు లేచి నిలబడండి" అన్నారు పాస్టరు అయ్యగారు. అందరూ లేస్తారు కదా అని చటుక్కున లేచాను. (తీరా చూస్తే లేచింది నేనొక్కదాన్నే.) చర్చి గిర్రున తిరిగింది. మోకాళ్ళ మీద కూలబడ్డాను.

"ప్రభువు తాకాడు!" అంటూ నలుగురు ఆడవాళ్ళు చుట్టూ చేరి నా తల మీద చేతులుంచారు.

"అది కాదండీ, టాబ్లెట్ వేసుకున్నాను..."

"ఒప్పేసుకో తల్లీ! ఆ టాబ్లెట్లు కూడా ఆయనే మానిపిస్తాడు."

ముక్కు గోక్కుంటుంటే, కన్నీళ్ళు తుడుచుకుంటున్నాననుకుని ఒకావిడ కొంగు అందించింది. తమాషా ఏమిటంటే, అప్పటికి నేను నిజంగానే ఏడుస్తున్నాను. ఎన్ని నెలలైందో నా తల మీద ఒకరు చెయ్యి వేసి.

ఆరాధన అయ్యాక అయ్యగారి భార్య నన్ను ఓ పక్కన కూర్చోబెట్టి మజ్జిగిచ్చారు. "ఏం మాత్రలమ్మా, ఏదీ చూపించు. ఓహో, ఇవా! ఆపరేషనప్పుడు మా అయ్యగారికీ ఇచ్చారు. పొద్దున్న ఏం తిన్నావు?"

"ఏం తినలేదండీ."

"ఖాళీ కడుపునా! సర్లే గానీ, విరేచనం అవుతోందా?"

పక్కనే పాటల కుర్రాళ్ళు గిటార్లు సర్దుకుంటున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. తల వంచుకుని "లేదండీ" అన్నాను.

"అవ్వదు, ఈ మాత్రలంతే. డాక్టర్నడిగి దానికీ మందు రాయించుకో. ముందు మా ఇంటికి పద, పాలకూర పప్పుతో ఇంత అన్నం తిందువుగాని."

నా కళ్ళు మళ్ళీ నిండాయి. విజయవాడ వచ్చాక, జవాబు నిజంగా కావాలని నన్నొకరు అడిగిన మొదటి ప్రశ్న అదే మరి. ఇప్పుడు ఆ పిచ్చిపిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపిస్తుంది. విరేచనం గురించి అడిగినందుకు ఆనందబాష్పాలు రాల్చిన మనిషి లోకం మొత్తం మీద అదొక్కతే అయ్యుంటుంది.