పందిరికెక్కిన శాలువా

వీధిలో అందరూ ఆమెను కత్తెరక్క అనేవారు. దర్జీ పని మెచ్చి కొందరు, నోటికి జడిసి కొందరు. ఆ వీధిలో ఒక అంతస్తు ఎక్కితే ఒక భాష, దిగితే ఇంకో భాష. పక్కింటివాళ్ళ పేరైనా తెలియకుండా ఏళ్ళు గడిచిపోతున్నాయనీ, ఒక పూట అందరూ కలిసి ఎవరి పాట వాళ్ళు పాడి, ఎవరి వంట వాళ్ళు తెచ్చి పంచుకుందామనీ మొదట అన్నది ఆమే. అన్నాక ఊరుకునే మనిషి కాదు. ఇంటికో గుడ్డ తెమ్మంది. అన్నీ కలిపి వీధికి అడ్డంగా ఒకటే పందిరి కుడతానంది.

పాత కర్టెన్లు వచ్చాయి, చిరిగిన చొక్కాలు వచ్చాయి. ఒకావిడైతే పెళ్ళినాటి దుప్పటని చెప్పి మసిగుడ్డ అంటగట్టింది. బేకరీలో పనిచేసే ఆయన మాత్రం ఉన్ని శాలువా తెచ్చి, మిషను పక్కన పెట్టి వెళ్ళాడు. అప్పుడామె కొలతల్లో మునిగి ఉంది, తలెత్తలేదు. కొత్తగా వచ్చినవాడైనా ఎంత పెద్ద మనసో అనుకుంది. నడిమి పువ్వు చూసి ముచ్చటపడి దాన్ని చదరంగా కత్తిరించింది. మిగిలినదాన్ని పట్టీలు చేసి పందిరికి అంచు వేసింది. గుడ్డ చేతికొస్తే ఆమె కత్తెర ఆలోచనకు ఆగదు, అదే వచ్చిన చిక్కు.

మర్నాడు ఆయన దుకాణం ముందు ఆగాడు.

“అక్కా, శాలువా వేడుక అయ్యాకే ఇవ్వండి, తొందరేం లేదు. మా వైపు ఇలాంటప్పుడు ఇంట్లో ఉన్న మంచి గుడ్డే ఇస్తాం. పందిరికి కట్టి, మర్నాడు మడతపెట్టి తిరిగిస్తారు. అది మా అమ్మ నేసింది. చలికాలంలో అది కప్పుకోకపోతే ఆవిడకి నిద్ర పట్టదు.”

వీధి మొత్తాన్నీ నోటితో ఆడించే కత్తెరక్క, శాలువా పీలికల్ని కాలితో మిషను కిందికి తోసింది. “అలాగే అన్నయ్యా” అంది. అది చాలదన్నట్టు, “భద్రంగా ఉంది” అని కూడా అంది.

ఆ రెండో మాటే ఆమెను తినేసింది. కోయడం పొరపాటు, అబద్ధం మాత్రం తెలిసి ఆడిందే. “వెళ్ళి చెప్పెయ్యవే” అని భర్త పోరుపెట్టాడు. చెప్పాలనే రోజూ బేకరీ దాకా వెళ్ళేది, బ్రెడ్డు కొనుక్కుని తిరిగొచ్చేది. ఇంట్లో బ్రెడ్డు పేరుకుపోయింది.

వేడుకనాడు పందిరి చూసి అందరూ నోరెళ్ళబెట్టారు. ఒక్కో పొగడ్తకీ ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. పాటలు మొదలయ్యాక ఆయన తల్లిని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. ముసలావిడకు చూపు ఆనదు, ఇక్కడి మాటా రాదు. ఆయన తలెత్తి పందిరంతా వెతికాడు. పువ్వు కనిపించింది. తర్వాత అంచూ కనిపించింది. ఆయన మళ్ళీ తలెత్తలేదు.

కత్తెరక్క ఇక దాక్కోలేకపోయింది. వెళ్ళి ముసలావిడ కుర్చీ పక్కన నేలమీద చతికిలబడింది.

“నేనే కోసేశాను పెద్దమ్మా. అడక్కుండా కోశాను. పైగా మీ అబ్బాయితో అబద్ధమాడాను.” ఆయన వైపు తిరిగి, “ఉన్నదున్నట్టు చెప్పండి అన్నయ్యా. తిట్టినా పడతాను” అంది.

ఆయన తల్లి చెవి దగ్గర వంగి తమ భాషలో ఏదో చెప్పాడు. ముసలావిడ ముఖం విప్పారింది. తడుముకుంటూ కత్తెరక్క చెయ్యి అందుకుని ఆప్యాయంగా నిమిరింది.

“ఏం చెప్పారు?” అంది కత్తెరక్క.

“చిరుగులుంటే మీరు కుట్టి బాగుచేస్తున్నారనీ, చలి మొదలయ్యేలోపు ఇచ్చేస్తారనీ చెప్పాను.”